గొంతు లేని మావు

శంషాబాద్ శివారులోని ఇంటి ముందు దుర్గవ్వ కత్తితో వెదురు చీలుస్తోంది. పక్కనే ఆమె భర్త కుర్మయ్య ఆ బద్దలను వేళ్లతో తడుముకుంటూ, మావును, అంటే చేపలు పట్టే బుట్టను, అల్లుతున్నాడు. చూపు పోయి చాన్నాళ్లయినా ఆయన చేతులు అల్లిక మరచిపోలేదు.

మావుకు గొంతే ప్రాణం. నోటి దగ్గర లోపలికి వంచి కట్టే మొనదేలిన పుల్లల వరుస అది. దాన్ని తోసుకుని లోపలికి దూరిన చేప మళ్లీ బయటపడలేదు.

"హిమాయత్ సాగర్ల ఇప్పుడు ఏం పడ్తున్నయే?" అడిగాడు కుర్మయ్య.

"కొర్రమట్టలు పడ్తున్నయంట" అంది దుర్గవ్వ తలెత్తకుండా.

ఆ చెరువులో చేపలు పట్టేవాళ్లందరూ నైలాన్ వలలకు మారిపోయారు. ఈయన మావులు ఎయిర్‌పోర్టు రోడ్డు మీది ఒక హోటల్‌కు వెళ్తున్నాయి. వాటిని తలకిందులుగా వేలాడదీసి లోపల బల్బులు పెడతారు. ఆ సంగతి తెలిస్తే ఈ చేతులు ఆగిపోతాయని ఆమె భయం.

నిన్న హోటల్ మేనేజర్ అరుణ్‌కుమార్ మర్యాదగానే చెప్పాడు: "అమ్మా, లోపలి పుల్లలు వద్దు. బల్బు మార్చనీకి చెయ్యి పోతలేదు."

ఇప్పుడు కుర్మయ్య ఆ పుల్లలే చెక్కుతున్నాడు.

"గొంతు వద్దన్నరు. గట్లనే ఇడిసిపెట్టు" అంది.

"గొంతు లేకుంటే చేప మల్ల బయటికొస్తది గద?"

ఆమె కత్తి వెదురులోనే ఆగిపోయింది. చప్పుడు ఆగిన వైపు కుర్మయ్య తల తిప్పాడు.

"చేపలకు గాదా?"

"కాదు. హోటలోళ్లు దీపాలకు తీస్కపోతున్నరు."

"ఎప్పటిసంది?"

"నీ కండ్లు పోయినప్పటిసంది."

ఆయన కోప్పడలేదు. ఒడిలోని పుల్లలను ఒక్కొక్కటిగా తీసి పక్కన పెట్టాడు. విమానమొకటి ఇంటి మీదుగా కిందికి దిగింది. ఆ మోత సద్దుమణిగాక అడిగాడు.

"ఎల్తురు మంచిగొస్తదా?"

"మస్తుగొస్తది. గోడల మీద నీ అల్లికంతా నీడై పడ్తది."

కుర్మయ్య మావు నోరు వెడల్పుగా ఉంచి అల్లిక ముగించాడు. మోచేతి దాకా చెయ్యి లోపలికి పెట్టి తీశాడు. "దీపం పెట్టనీకి చెయ్యి పడ్తది" అన్నాడు. జర నడుము వాలుస్తానని లేచాడు. దుర్గవ్వ అన్నం వండటానికి లోపలికి వెళ్లింది.

తినమని పిలవడానికి వచ్చేసరికి ఆయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. భుజం తట్టింది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది; ఊపిరి తగల్లేదు. తర్వాత చాలాసేపు ఆయన పక్కనే కూర్చుంది. చెప్పకపోతే ఉండేవాడేమో అన్న ఒక్క మాటే లోపల తిరుగుతూ ఉంది.

ఇరుగుపొరుగు వచ్చి కూర్చోవడానికి చోటు చేస్తూ ఎవరో మూలనున్న గోనెను జరిపారు. నడుము వాల్చే ముందు ఆయన రేపటి అల్లిక కోసం ఆ తడి గోనె కింద పరిచిన బద్దలు దుర్గవ్వ చేతికి ఇంకా మెత్తగానే తగిలాయి.