లెన్సు పరీక్షకి మామగారు

కెమెరా పట్టినవాళ్ళకి ఒక జబ్బుంటుంది. చేతిలో ఉన్న లెన్సుతో పని జరిగిపోతూనే ఉంటుంది, కళ్ళు మాత్రం పక్కవాడి లెన్సు మీదే ఉంటాయి. ఈ కథలో కోడలికి ఆ జబ్బు బాగా ముదిరింది. ఆమె వృత్తే ఫోటోలు తీయడం. కుటుంబాల ఫోటోలు, ఆఫీసుల్లో గుర్తింపు కార్డుల ఫోటోలు, చెప్పుల దుకాణం వాళ్ళ కొత్త సరుకు ఫోటోలు. అన్నీ ఒకే ఒక్క పాత లెన్సుతో ఎలాగోలా లాక్కొస్తోంది.

ఆ శనివారం పొద్దున్న ఒక నల్ల డబ్బా పట్టుకుని గాల్లో తేలుతూ ఇంటికొచ్చింది. అందులో ఉన్నది మనుషుల మొహాలు తీయడానికే పుట్టిందా అన్నంత గొప్ప లెన్సు, సెకండ్ హ్యాండుది. అమ్మేవాడు మంచివాడు. వస్తువు మన చేతిలో పడేదాకా అమ్మేవాళ్ళంతా మంచివాళ్ళే కదా. "ఇంటికి తీసుకెళ్ళి తీరిగ్గా చూసుకో. రేపు సాయంత్రానికి డబ్బైనా తేవాలి, లెన్సైనా తేవాలి" అన్నాడు.

డబ్బుంది. ఉండడమే చిక్కయింది. అది వాషింగ్ మెషీన్ కోసం దాచిన డబ్బు. పాత మెషీను ఒకరోజు గడగడలాడి చేతులెత్తేసింది. అప్పట్నుంచి ఇంటిల్లిపాది బట్టలూ మామగారే బకెట్లో నానబెట్టి ఉతుకుతున్నారు. ఆయన రిటైరైన బస్సు డ్రైవరు. "ఇన్నేళ్ళు స్టీరింగు తిప్పిన చేతులమ్మా, దుప్పటి పిండడం ఒక లెక్కా!" అంటారు గానీ, పిండాక ఆ వేళ్ళు మళ్ళీ సరిగ్గా ముడుచుకోవడానికి చాలాసేపు పడుతుంది. కోడలు అది చూసింది. చూసి కూడా లెన్సు తెచ్చింది.

భర్త మందుల షాపులో పనిచేస్తాడు. అతన్ని అడిగితే "నీ ఇష్టం" అన్నాడు. రేపు ఏదైనా తేడా వస్తే తన మీదకి రాకుండా మొగుళ్ళు కనిపెట్టిన మాట అది. వినీ వినీ ఆమెకి అలవాటైపోయింది.

"మామయ్యా, ఒక్కసారి కిటికీ దగ్గర కూర్చుంటారా?"

ఆయన తడి చేతులు తువ్వాలుకి తుడుచుకుని వచ్చి కూర్చున్నారు. పరీక్షకి ఆయన్ని మించిన మనిషి దొరకరు. కదలరు, విసుక్కోరు, ఇంకెంతసేపని అడగరు. అరువుకి ఆ ఇంట్లో అడుగుపెట్టిన ప్రతి లెన్సూ, ప్రతి లైటూ మొట్టమొదట ఆయన మొహం మీదే ప్రయోగం చేసుకుంది. కోడలు టకటకా నాలుగు తీసి, తెర మీద పెద్దవి చేసి చూసింది. కనురెప్పలు, కళ్ళ పక్క ముడతలు, గడ్డం వెంట్రుకలు అన్నీ దేనికది విడివిడిగా కనిపిస్తున్నాయి. "అబ్బ! ఏం లెన్సు మామయ్యా!" అని ఎగిరి గంతేసింది.

ఆ తర్వాత నాలుగూ చెరిపేసింది. ఆ వృత్తిలో అంతే. పరీక్ష కోసం తీసింది ఫోటో కింద లెక్క కాదు, చూడడం అయిపోతే తుడిచెయ్యడమే. పైగా పెద్ద మెమరీ కార్డు కొనే స్తోమత లేదు. ఉన్న కాస్త చోటూ డబ్బిచ్చేవాళ్ళ మొహాలకే సరిపోతుంది.

ఆదివారం పొద్దుటికి ఆమె మనసు లెన్సు వైపే మొగ్గింది. అప్పుడు మామగారు టీ గ్లాసుతో వచ్చారు.

"అమ్మాయ్, మా డిపోలో పాత డ్రైవర్లందరి ఫోటోలూ గోడకి పెడుతున్నార్ట. నాదీ ఒకటి పంపమన్నారు. నీ దగ్గర బోలెడుంటాయిగా, కాస్త మనిషిలా కనబడేది ఒకటి చూసిపెట్టు."

"అదెంత పని మామయ్యా!" అంటూ కంప్యూటరు ముందు కూర్చుంది.

ఎంత పనో తర్వాత తెలిసింది. అందులో ఊళ్ళోవాళ్ళ తాతయ్యలంతా ఉన్నారు. చెప్పులున్నాయి, ఎడమవీ కుడివీ. మామగారు మాత్రం లేరు. ఎప్పుడో చెరపడం మర్చిపోయినవి మూడు దొరికాయి. ఒకదాంట్లో ఎడమ కన్ను, ఇంకోదాంట్లో చెవి, మూడోదాంట్లో సగం బుగ్గ, మిగతాదంతా కర్టెను. మూడూ కలిపి అతికించినా మనిషి అవడు. ఇన్నేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటూ ఒక్క ఫోటో కూడా తియ్యలేదా అని సిగ్గుతో ఆమె తల వాలిపోయింది.

బాత్‌రూములోంచి నీళ్ళ చప్పుడుతో పాటు ఆయన గొంతు వినబడింది. "దొరికిందా?"

ఇక దాచడం ఆమె వల్ల కాలేదు. వెళ్ళి గుమ్మంలో నిలబడింది. "లేదు మామయ్యా. అన్నీ చెరిపేశాను."

ఆయన దుప్పటి పిండుతున్నారు. "పోన్లే" అన్నారు. పిండిన దుప్పటినే మళ్ళీ పిండారు. "ఇంతకీ ఆ లెన్సు సంగతేం చేశావ్?"

"తేల్చుకోలేకపోతున్నా. అది కొంటే మెషీను రాదు."

"కొనెయ్."

"మరి మీ చేతులో?"

"చేతులకేం, దివ్యంగా ఉన్నాయి. కొనెయ్యమంటున్నాగా."

"మీకెందుకు మామయ్యా అంత పట్టుదల?"

ఆయన దుప్పటి పట్టుకుని బయటికొచ్చి, తీగ మీద ఆరేసి, అంచులు లాగుతూ నవ్వారు. "కొత్తదేదైనా వచ్చినప్పుడే కదమ్మా నన్ను కూర్చోబెట్టి కాసేపు నా మొహంలోకి చూస్తావు. మిగతా రోజుల్లో మావాడు టీవీ వంక చూస్తాడు, నువ్వు కంప్యూటరు వంక చూస్తావు. బస్సు నడిపేటప్పుడు నయం, ఎక్కేవాళ్ళయినా ఓసారి చూసేవాళ్ళు."

ఆయన సరదాకే అన్నారు. కోడలికి మాత్రం నవ్వు రాలేదు.

లెన్సుని డబ్బాలో పెట్టి, అమ్మేవాడికి ఫోను చేసింది. "వద్దండీ, సాయంత్రం తెచ్చిచ్చేస్తాను." ఇంత చవగ్గా మళ్ళీ దొరకదమ్మా అని అతను మొత్తుకున్నాడు. "దొరక్కపోతే పోనివ్వండి" అంది. అన్నదే గానీ, డబ్బా మూత పెడుతుంటే ప్రాణం ఉసూరుమంది. జబ్బు కదా, ఒక్కపూటలో వదలదు.

పాత లెన్సు తగిలించి పిలిచింది. "మామయ్యా, ఒకసారి ఇలా వచ్చి కూర్చోండి."

ఆయన వచ్చి, ఎప్పటిలాగే వెన్ను నిటారుగా పెట్టి, కళ్ళు బాగా తెరిచి కూర్చున్నారు. "అదేంటి, ఇది పాతదేగా? దీనికేం పరీక్ష?"

"పరీక్ష కాదు. మీ ఫోటో తీస్తున్నా."

ఆయన చెయ్యి గడ్డం మీదకి వెళ్ళింది. గబుక్కున లేచారు.

"ముందే చెప్పొద్దూ! ఆగు, గడ్డం గీసుకొస్తా."

"పొద్దున్నే గీసుకోకపోయారా మామయ్యా?"

"మొన్న లెన్సు తెస్తానన్నావుగా, అప్పట్నుంచీ గీసుకోలేదు. నీకు వెంట్రుకలు కనబడాలి కదమ్మా. ఎప్పుడు తెచ్చినా రెండ్రోజుల ముందే ఆపేస్తా" అంటూ లోపలికి వెళ్ళిపోయారు.

లోపల కుళాయి తిప్పిన చప్పుడైంది. కోడలు కెమెరా ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు తుడుచుకుని, ఆయన వచ్చేదాకా అక్కడే కూర్చుంది.