మెలికల బెజ్జం తాళం

మునీంద్రకున్న పిచ్చి ఒక్కటే, తాళంచెవి లేకుండా తాళాలు తెరవడం. తాగడు, పేకాడడు. బ్రూక్‌ఫీల్డ్‌లో ఆఫీసు, కె.ఆర్.పురం వఠారంలో అద్దె ఇల్లు, సెలవొస్తే టేబులుకు బిగించిన తాళం. ఎడమచేత్తో సన్న రేకు పెట్టి తిప్పుతూ, కుడిచేతి ఇనప పుల్లతో లోపలి పిన్నులను ఒక్కోటీ పైకెత్తాలి. ముందు తిన్నని బెజ్జాలవి నేర్చుకున్నాడు, తర్వాత మెలికలు తిరిగినవి. వాటిలో పుల్ల దూరడమే గండం. టక్కుమని తిరిగిందా, వదిలేసి మళ్లీ మొదలు. ఇందులో తప్పేముంది చెప్పండి? తన తాళం, తన టేబులు.

కానీ పోయిన వారం పక్కింటి దేవరాజ్ ఇంట్లో దొంగలు పడ్డారు. తాళం పగల్లేదు, గడియ విరగలేదు, బంగారం మాత్రం మాయం. అప్పటినుంచి మునీంద్రకు ముద్ద దిగడం లేదు. తన సంగతి బయటపడితే ఇంకేమైనా ఉందా! దొంగని ముద్ర వేసేస్తారు. పుల్లల సంచిని బియ్యం డబ్బాలో దాచాడు, మళ్లీ తీసి బీరువా వెనక దోపాడు. పారేయడానికి మాత్రం మనసొప్పలేదు.

ఆదివారం పొద్దున ఎదురింటి నుంచి కేక. అక్కయమ్మ, ఒంటిగా ఉండే పెద్దావిడ, మునీంద్రను కన్నకొడుకులా చూసుకునే మనిషి. కొత్తిమీర బండి దగ్గరికి వచ్చేలోగా గాలికి తలుపు మూసుకుని దానంతటదే తాళం పడిపోయింది.

"బీగంచెవి లోపలే ఉండాదప్పా! పొయ్యి మీద నూనె పెట్టి వచ్చినాను!"

జనం పోగయ్యారు. దేవరాజ్ భుజంతో గుద్దాడు, తలుపు కదల్లేదు. కిటికీలకు గ్రిల్లులు. తాళాలవాడికి ఫోన్ చేస్తే రైల్వే స్టేషన్ దగ్గర ఉన్నాను, రావడానికి అరగంట పడుతుందన్నాడు. ఈలోగా తలుపు కింది నుంచి పొగ మొదలైంది. మునీంద్ర ఆ తాళాన్నే చూస్తూ నిలబడ్డాడు. మెలికల బెజ్జం. తనకొచ్చినదే. ఎవరో ఒకరు తీస్తారులే అనుకున్నాడు. అక్కయమ్మ నేలమీద కూలబడి ఏడ్చేసరికి ఇక వల్లకాలేదు. పరుగెత్తి సంచి తెచ్చాడు.

"ఆఫీసులో ఎవరో చూపించినారు. వస్తాదో రాదో, ట్రై చేస్తాను," అన్నాడు అందరికీ వినబడేలా.

కావాలనే తడబడ్డాడు, పుల్ల జారవిడిచాడు. కానీ పొగ చిక్కబడుతుంటే నటన ఎక్కడ సాగుతుంది? వేళ్లు తమ పని తాము చేశాయి. టక్.

ఇంక తలుపు తోయడమే. తోశాడా? టేబులు మీది తాళానికి తలుపెక్కడిది! అలవాటు కొద్దీ చెయ్యి రేకును వదిలేసింది, తాళం మళ్లీ పడిపోయింది. "ఛీ, నా చెయ్యి పడిపోను!" అంటూనే, ఇంకెవరూ నోరు తెరిచేలోగా, కన్నుమూసి తెరిచేంతలో రెండోసారి తీసి భుజంతో తోశాడు.

నూనె బాండ్లీలో మంట లేచి ఉంది. స్టవ్ ఆపి మూత బోర్లించాడు. గోడ నల్లబడింది, అంతే. అక్కయమ్మ అతని చేతులు పట్టుకుని, "నూరేండ్లు బతుకు నాయనా," అని ఏడ్చింది.

మునీంద్ర బయటికొచ్చాడు. దేవరాజ్ అతని వేళ్లనే చూస్తున్నాడు.

"రెండోసారి ఎంత బిరీన తీసినావప్పా! ఎన్నాళ్ల నుంచి చేస్తా ఉండావు?"

"హాబీ అన్నా, ఊరికే..." అంటూ మునీంద్ర పుల్లలు సంచిలో వేసుకున్నాడు.

"హాబీనా," అని దేవరాజ్ లోపలికెళ్లి తలుపేసుకున్నాడు.

మునీంద్ర ఆ రోజంతా గది దాటలేదు. గేటు చప్పుడైతే చాలు, పోలీసులేమోనని కిటికీలోంచి తొంగి చూసేవాడు. సాయంత్రం తలుపు తట్టింది అక్కయమ్మ, చేతిలో చిత్రాన్నం గిన్నె. ప్రాణం లేచొచ్చింది. ఎవరేమనుకుంటేనేం, ఈమె చాలు.

ఆమె కూర్చోలేదు. కొంగు వేలికి చుట్టుకుంటూ అంది:

"కోపం చేసుకోవద్దప్పా, ఒక మాట. కొత్త బీగం తేవల్ల, అంగడికి పోతా ఉండాను. నువ్వు తీయలేని బీగం ఏదో చెప్పు."

అలాంటిది ఒకటుంది. పేరు చెప్పాడు, ఏ అంగట్లో దొరుకుతుందో కూడా చెప్పాడు.

"నిజంగా తీయలేవు కదా?"

"తీయలేనమ్మా. ఎంత ప్రయత్నించినా రాలేదు."

అది ముమ్మాటికీ నిజం. ఆమె నమ్మలేదని మొహం చూస్తేనే తెలిసిపోయింది.