వదులు అనేదాకా

మూడో చపాతీ పెనం మీద పొంగుతుండగా షెడ్డులోంచి కేక వినిపించింది.

"ఇగో, వచ్చి తొక్కు."

సంజీవరావు పెళ్ళాన్ని పేరు పెట్టి పిలవడు. విక్టోరియా అని ముచ్చటపడి రాణిగారి పేరు పెట్టుకున్నాడు ఆమె తండ్రి. అంత పేరున్న మనిషిని పెడల్ తొక్కడానికి పిలవాలంటే మొగుడికి నోరు తిరగదు కాబోలు. ఆమె మంట తగ్గించి, పిండి చేతులు కొంగుకు తుడుచుకుని వెనక తలుపు తీసింది. నాచారంలో ఫ్యాక్టరీల వెనక సందులో వాళ్ళ ఇల్లు, ఇంటిని ఆనుకుని షెడ్డు, రెంటికీ మధ్య ఆ ఒక్క తలుపు. ఏం పని చేస్తావమ్మా అని ఎవరైనా అడిగితే, ఇంట్లోనే ఉంటానని చెప్పడం ఆమెకు అలవాటైపోయింది. రోజులో సగం పొద్దు ఆ తలుపుకు అవతలే గడుస్తుందన్న సంగతి ఆమెకే గుర్తుకు వచ్చేది కాదు.

సంజీవరావు పాత మిలిటరీ జీపులను విప్పి, బాగుచేసి, ఎత్తు పెంచి, బండలెక్కే పెద్ద టైర్లు బిగించి, నాలుగు చక్రాలూ లాగేట్టు చేసి ఇస్తాడు. కొత్తగా ఉద్యోగాల్లో కుదురుకున్న కుర్రాళ్ళకు ఆదివారం వస్తే ఘట్‌కేసర్ అవతలి పాత క్వారీ గుట్టలెక్కే పిచ్చి పట్టుకున్న రోజులవి. జీపుల సంజీవన్న అంటే ఉప్పల్ దాకా తెలుసు. చేతిపనిలో అతనికి వంక పెట్టడానికి లేదు. నోటికే, కోపానికే అదుపు లేదు. అందుకే షెడ్డులో ఏ హెల్పరూ నిలవలేదు. నిలిచింది విక్టోరియా ఒక్కతే. ఆమెకు ఎక్కడికి పోవాలో తెలియక నిలిచింది.

బ్రేకు పైపుల్లో గాలి చేరితే పెడల్ మెత్తబడుతుంది. ఆ గాలి తీయడానికి ఇద్దరు కావాలి. ఒకరు సీట్లో కూర్చుని పెడల్ తొక్కాలి, ఇంకొకరు బండి కింద పడుకుని చక్రం వెనక ఉన్న చిన్న మర వదులు చేసి, ఆయిలుతో పాటు గాలిని బయటికి పోనియ్యాలి. కింద పడుకున్నవాడిని మెకానిక్ అంటారు. పైన తొక్కేవాళ్ళను ఏమంటారో ఆ షెడ్డులో ఎవరికీ అవసరం పడలేదు. సంజీవరావు కిందనుంచి మూడే మాటలు చెప్తాడు. కొట్టు అంటే పెడల్‌ను నాలుగైదుసార్లు గబగబా తొక్కాలి. పట్టు అంటే కాలు బిగించి ఉంచాలి. వదులు అంటేనే కాలు తీయాలి. మర మూయకముందే కాలు తీస్తే తీసిన గాలంతా మళ్ళీ లోపలికి పోతుంది.

కూతురు మరియా నెలల పిల్లగా ఉన్నప్పుడు ఒకసారి అలాగే అయింది. ఉయ్యాలలో బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే విక్టోరియా కాలు దానంతటదే లేచింది. బండి కిందనుంచి బయటికి వచ్చిన సంజీవరావు చేతిలోని పానా విసిరాడు. అది ఆమె చెవి పక్కనుంచి పోయి వెనక గోడకు తగిలింది. గోడకు పడ్డ సొట్ట ఇప్పటికీ అలాగే ఉంది. సీట్లో కూర్చున్న ప్రతిసారీ పక్క అద్దంలో అది కనబడుతుంది. ఆ తర్వాత బిడ్డ ఎంత ఏడ్చినా ఆమె కాలు తీయలేదు. వదులు అనేదాకా పళ్ళు బిగబట్టి కూర్చునేది.

ఈసారి బండి ఉమామహేశ్వర్‌ది. హబ్సిగూడలో ఉంటాడు, కంప్యూటర్ కంపెనీలో పని. తన స్నేహితులందరి జీపుల కంటే తనది ఎత్తుగా కనబడాలని అతని కోరిక. సంజీవరావు చక్రాల మీది స్ప్రింగు కమాన్లకు అదనంగా పట్టీలు వేసి జీపును బెత్తెడు పైకి లేపాడు. ఆదివారం పొద్దున గుట్టల దగ్గర అందరి ముందూ తానే నడిపి చూపించి, అక్కడే తాళంచెవి ఇస్తానని మాటిచ్చాడు.

విక్టోరియా ఎక్కి కూర్చుంది. కొట్టు, పట్టు, వదులు. నాలుగు చక్రాలకూ గాలి పోయింది. పెడల్ రాయిలా ఉంది. ఇక తన పని అయిపోయిందనుకుని పొయ్యి మీది చపాతీ గుర్తు తెచ్చుకుంటుండగా సంజీవరావు ముందు ఎడమ పక్క జాకీ పెట్టి లేపాడు. పెద్ద టైరు బిగించాలి, చక్రం తిరగకుండా పట్టుకో అన్నాడు. ఆమె మళ్ళీ కాలు బిగించింది.

మొదట తన కాలునే అనుమానించింది. తడి మట్టిలో కాలు దిగినట్టు పెడల్ మెల్లగా కిందికి జారుతోంది. ఆమె ఒత్తిడి పెంచలేదు, తగ్గించలేదు. అయినా దిగుతూనే ఉంది.

"కిందికి పోతుంది," అంది.

"ఏంది?"

"పెడల్. పట్టుకొనే ఉన్న. మెల్లగ దిగుతుంది."

అతను పానా పక్కన పెట్టాడు. ఆమె గబుక్కున దిగి, దిగుతూనే చక్రం లోపలికి తొంగిచూసింది. బండి ఒంటినుంచి చక్రానికి పోయే నల్లటి రబ్బరు పైపు బట్టలారేసే తాడులా బిగుసుకుని ఉంది. సంజీవరావు అటువైపు చూడనే లేదు. జాకీ దించి, సీట్లోకి ఎక్కి, బూటు కాలితో బలంగా తొక్కాడు. చక్రం నేలమీద ఉంది, పైపు వదులైంది, పెడల్ మళ్ళీ రాయి.

"ఏడ పోతుంది? నీ కాలుల బలం లేక నా పనికి వంక పెడ్తున్నవా?"

వంటింట్లో చపాతీ మాడిన వాసన. షెడ్డు తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది అత్తగారు సుశీలమ్మ. జీపుల్లో కూర్చునే ముచ్చట తీరాక పొయ్యి దిక్కు కూడా ఒకసారి చూడమని అంది. ముచ్చటట. ఒకప్పుడు కస్టమర్ల ముందు సంజీవరావు అన్న మాట విక్టోరియాకు గుర్తొచ్చింది. దీని కాలొక్కటి ఉంటే సాలన్నా, తలకాయ వంటింట్ల పెట్టి వచ్చినా నాకు పర్వాలే అన్నాడు. అందరూ నవ్వారు. అందరితో పాటు తనూ నవ్వింది. వాళ్ళ నవ్వులను ఎప్పుడో మరిచిపోయింది కానీ తన నవ్వును మరిచిపోలేకపోయింది.

సాయంత్రం బట్టలు మడత పెడుతుంటే మరియా స్కూలు గౌను చేతికి వచ్చింది. సకల జనుల సమ్మె మొదలైనప్పటినుంచి బడి లేదు, బస్సులు లేవు. ఇంట్లో కూర్చుని కూర్చుని పిల్ల నీళ్ళు తాగిన మొక్కలా ఎదిగిపోతోంది. గౌను మాత్రం పోయినేడాదిదే, తొడిగితే మోకాళ్ళ పైకి వస్తుంది. విక్టోరియా గౌను అంచు పట్టుకుని అలాగే ఉండిపోయింది. జీపు బెత్తెడు ఎదిగింది. పైపు మాత్రం పాతదే. చక్రం నేలమీద ఉన్నంతసేపు అందుతుంది. గాలిలో వేలాడితే అందదు, సాగుతుంది, ఏదో ఒకచోట పగులుతుంది. గుట్ట దిగేటప్పుడు ఏదో ఒక చక్రం గాలిలో వేలాడక తప్పదు. సరిగ్గా అప్పుడే బ్రేకు కావాలి. ఇలాంటి పాత జీపుల్లో ఒకచోట పైపు తెగితే నాలుగు చక్రాల బ్రేకులూ పోతాయని సంజీవరావే కస్టమర్లకు చెప్తుంటే ఎన్నోసార్లు వింది.

అప్పుడే మరియా పరిగెత్తుకొచ్చింది.

"మమ్మీ, డాడీ రేపు నన్ను గుట్ట మీదికి తీసుకపోతుండు. ముందు సీట్ల కూసోబెడతడంట."

విక్టోరియా గౌను మడత పెట్టకుండానే లేచింది.

అన్నం దగ్గర చెప్పింది. మెల్లగా, తప్పు తనదే అన్నట్టుగా చెప్పింది. పైపు పొట్టిగైందేమో, పొడుగుది వేస్తే బాగుంటదేమో. సంజీవరావు ముద్ద మింగి, బంద్‌లో ఏ దుకాణం తెరిచి ఉందని అడిగాడు. నేలమీద తొక్కితే నిలబడ్డ బ్రేకు గుట్ట మీద ఎందుకు నిలబడదన్నాడు. రేపు బండి తీసుకుపోకపోతే అంతమంది ముందు తన ఇజ్జత్ ఏం కావాలన్నాడు. ఆమె ఇంకో మాట అనబోయింది. అతని చెయ్యి కంచం అంచు మీదికి వెళ్ళింది. అంతే, ఆమె నోరు దానంతటదే మూసుకుంది. ఆ చెయ్యి కంచం పట్టుకుంటే తర్వాత ఏమవుతుందో ఆ ఇంట్లో పిల్లకు కూడా తెలుసు.

గిన్నెలు తోముతూ లోపల్లోపల లెక్కలు వేసుకుంది. పిల్లకు జ్వరమని అబద్ధం చెప్పొచ్చు. ఒళ్ళు వేడిగా ఉందని అత్తమ్మతో కూడా చెప్పించొచ్చు. పిల్ల ఆగుతుంది. మరి అతను? అతను ఒక్కడే పోతాడు. పోతే పోనీ. ఆ మాట మనసులో ఎంత మెత్తగా దిగిందంటే, ఒక్క క్షణం ఆమెకు ఒళ్ళంతా తేలికైంది. కంచాలు ఎగరని ఇల్లు, సొట్ట పూడ్చిన గోడ, ఎవరూ కేక వేయని పొద్దు కళ్ళముందు కదిలాయి. మరుక్షణం చేతిలో గిన్నె జారి సింకులో పడింది. తాను ఏం కోరుకుందో అప్పుడు తెలిసింది. పొద్దుటినుంచి మొగుడంటే భయం, గుట్టంటే భయం. ఇప్పుడు వాటన్నిటికంటే తనంటేనే ఎక్కువ భయం వేసింది. నేను నోరు మూసుకుంటే అది మాట్లాడకపోవడం కాదు, చంపడం అనుకుంది. ఇన్నేళ్ళూ ఊరుకోవడాన్ని ఓర్పు అని పిలుచుకుంది. ఇక ఆ పేరుతో పిలవలేకపోయింది.

ఆదివారం పొద్దున సుశీలమ్మ తెల్లచీర కట్టుకుని, బైబిలు చంకన పెట్టుకుని చర్చికి బయలుదేరి గుమ్మంలో ఉంది. మరియా అప్పటికే ముందు సీట్లో ఎక్కి, ఒడిలో టిఫిన్ డబ్బా పెట్టుకుని కూర్చుంది. సంజీవరావు పానా తిప్పుతూ జీపు చుట్టూ తిరుగుతున్నాడు.

"ఇగో, ఒక్కపాలి తొక్కు. పోతం."

విక్టోరియా వచ్చింది. చీర కుచ్చిళ్ళు ఎత్తి నడుముకు దోపుకుంది. ఎక్కలేదు.

"మరియా, దిగు బిడ్డా. నానమ్మ దగ్గర నిలబడు."

పిల్ల తండ్రి వైపు చూసింది, తల్లి వైపు చూసింది, దిగింది. విక్టోరియా వెనక చక్రాల కింద రాళ్ళు పెట్టింది. జాకీ ఈడ్చుకొచ్చి ముందు ఎడమ పక్క పెట్టి లేపడం మొదలుపెట్టింది. ఏం చేస్తున్నావని అతను ఒకసారి అడిగాడు, తర్వాత కేకేశాడు. ఆమె జాకీ లేపుతూనే ఉంది. నోరు తెరిస్తే ఏడుపు వస్తుందని తెలుసు. చక్రం నేల విడిచి వేలాడింది. అతను రోజూ పడుకునే గోనెసంచి పరుచుకుని, వెల్లకిలా పడుకుని, బండి కిందికి జరిగింది.

"నువ్వు ఎక్కి తొక్కు," అంది. "నేను కింద జూస్త."

పైన చప్పుడు లేదు. ఆమెకు కనబడేవి అతని బూట్లు మాత్రమే. జాకీకి పక్కనే ఉన్నాయి. అప్పుడు గుర్తొచ్చింది, బండి కింద ఆసరాగా చెక్కదిమ్మ పెట్టడం మరిచిపోయింది. అతను జాకీని కాలితో ఒక్క తన్ను తన్నితే జీపంతా తన గుండెల మీదికి వస్తుంది. బయటికి జరుగుదామనుకుంది. ఇప్పుడు జరిగితే ఇంకెప్పుడూ ఇక్కడికి రాలేనని కూడా తెలుసు. కదల్లేదు. గుమ్మం దగ్గర సుశీలమ్మ పిల్లను తన వైపుకు లాక్కోవడం, పిల్ల కాళ్ళు ఆమె తెల్లచీరలో దూరడం కనబడింది.

బూట్లు కదిలాయి. ఒక చెయ్యి కిందికి వచ్చింది. చెక్కదిమ్మను జీపు కిందికి తోసి, అది గట్టిగా కూర్చుందో లేదో కదిపి చూసి, వెనక్కి పోయింది. అది ప్రేమో పని అలవాటో ఆమె తేల్చుకోలేకపోయింది. బూట్లు పైకి లేచాయి. కమాన్లు కిర్రుమన్నాయి.

"కొట్టు," అంది విక్టోరియా.

పెడల్ చప్పుడు గబగబా వినిపించింది.

"పట్టు."

తాడులా బిగుసుకున్న పైపు మెడ దగ్గర ఒక చుక్క ఊరింది. ఉబ్బింది, జారింది, ఆమె చెంప మీద పడింది. దాని వెనకే ఇంకొకటి ఊరింది.

పైనుంచి సంజీవరావు గొంతు వినిపించింది. అంత చిన్నగా అతను మాట్లాడగా ఆమె అదివరకు ఎప్పుడూ వినలేదు.

"దిగుతుంది."

ఆమె ఊఁ కొట్టింది.

"వదలనా?"

చెంప మీది ఆయిలును విక్టోరియా మోచేత్తో తుడుచుకుంది.

"వద్దు. ఇంకింత సేపు పట్టు. ఎంత లోపటికి పోతదో నువ్వు గూడ సూడు."