ఆటకు లైను అక్కర్లేదు

నేను హైటెక్ సిటీలో పనిచేస్తానని మా అమ్మ యాదమ్మ బోరబండంతా చాటింపు వేసింది. నల్లా దగ్గర బిందె పెట్టి మరీ, "మా సంధ్య ఆ గుండ్రటి బిల్డింగుల చేస్తది" అని చెప్పేదట. ఆ గుండ్రటి బిల్డింగు మా ఆఫీసు కిటికీలోంచి కనిపించే మాట నిజమే. మా ఆఫీసు ఉండేది మాత్రం దాని వెనక సందులో, సిమెంటు దుకాణం మీద, కిరాయి పోర్షన్‌లో. ఎన్నిసార్లు చెప్పినా వినదు. మా ఇంట్లో కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం నాదే మొదటిది మరి, ఆమె సంబరం ఆమెది.

తొంభై తొమ్మిది, దసరా వెళ్ళిన వారం. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండంకెలే ఉంటే వాటిని నాలుగంకెలు చేసే పని మాది. రెండు వేలు వచ్చి నెత్తిన కూర్చుంటోంది కదా, మార్చాల్సినవన్నీ మార్చేశాం, పని అయిపోయింది. ఒక్కొక్కరినీ పంపించేయగా నేనూ సుబ్రహ్మణ్యం గారూ మిగిలాం. ఓ సాయంత్రం మా యజమాని లింగమూర్తి సార్ ఇద్దరినీ పిలిచారు.

"బొంబాయి ఇన్సూరెన్సోళ్ళు రేపు పొద్దుగాల ఫోన్ చేస్తరు. ఇద్దరితోని మాట్లాడుతరు, ఒక్కరినే తీస్కుంటరు. ఇంకొకరు సోమవారం సంది రావొద్దమ్మా. నా చేతుల ఏం లేదు" అన్నారు.

ఆ రాత్రి నాకు నిద్ర ఎక్కడిది. పొద్దున బయల్దేరుతుంటే అమ్మ బొట్టు పెట్టి, "కిరాణా కొట్టు ఫోన్ కెల్లి చేస్త, ఏమైందో చెప్పాలె" అంది. "చెయ్యకే అమ్మా, ఆళ్ళ ఫోన్ రావాలె" అన్నాను. నా మాట ఆమె ఎన్నడు విన్నది గనక.

మా ఆఫీసులో ఫోను ఒక్కటే. నెట్ కూడా ఆ లైను మీదే. నెట్ కలిపితే ఫోను ఎంగేజ్. లింగమూర్తి సార్ బేగంపేటలో ఎవరినో చూడ్డానికి పోయారు. నేను మెట్లెక్కి వచ్చేసరికే సుబ్రహ్మణ్యం గారు నెట్ కలిపేసి ఆటలో ఉన్నారు.

ఆయనది భీమవరం వైపు. ఏదో చిన్న బ్యాంకులో గుమస్తాగా చేసి, నలభై దాటాక ఈ ప్రోగ్రాములు నేర్చుకుని వచ్చిన మనిషి. మనిషి మంచివారే, మాటే పెగలదు. లింగమూర్తి సార్ ఏదైనా అడిగితే చొక్కా గుండీ పట్టుకుని నిలబడిపోతారు. పని తగ్గినప్పటి నుంచి ఆయనకో పిచ్చి పట్టింది. ఒకప్పుడు బస్టాండు పక్క వీడియో గేముల కొట్లో బిళ్ళ వేస్తే గానీ కదలని ఆటలు, బ్రౌజర్‌లో ఒక పేజీ తెరిస్తే ఊరికే ఆడుకోవచ్చని కనిపెట్టారు. నల్లటి తెర, అడుగున చిన్న ఓడ, పైనుంచి వరసలుగా దిగే పురుగులు. అవి కిందికి రాకముందే కాల్చేయాలి. విచిత్రం ఏమిటంటే, ఆడుతున్నంతసేపూ ఆయనకు నోరొస్తుంది! ఒకసారి ఓ పెద్ద ఫైలు నాకు అర్థం కాక అడిగితే, తెర మీంచి కళ్ళు తిప్పకుండా, కాలుస్తూ కాలుస్తూ, గడగడా ఇంగ్లీషులో విప్పి చెప్పేశారు. ఆట అయిపోగానే మళ్ళీ గుండీ పట్టుకున్నారు.

"సార్, ఫోన్ రావాలె గద. నెట్ బంద్ చెయ్యుండ్రి" అన్నాను.

"ఒక్క నిమిషమండీ. ఇప్పుడు లైను తీస్తే ఆట పోతుందండి. ఒక్క ప్రాణమే మిగిలుంది."

పెద్దాయన కదా అని ఊరుకున్నాను. కిటికీ దగ్గరికి పోయాను. కింద సిమెంటు లారీ దింపుతున్నారు, దుమ్మంతా లోపలికే. కిటికీ మూశాను. ఉక్కపోస్తే మళ్ళీ తెరిచాను. నీళ్ళు తాగాను. చెప్పాల్సిన ఇంగ్లీషు మాటలు మనసులో అనుకుంటే సగంలో తెగిపోతున్నాయి. కాలుగాలిన పిల్లిలా ఆ రెండు గదుల మధ్యా తిరిగాను. ఆ ఒక్క ప్రాణం మాత్రం ఎంతకీ పోదు!

"సార్, జర చూడుండ్రి. పొద్దెక్కింది."

"అయిపోయిందండి, అయిపోయింది."

ఏం అయిపోలేదు. ఓడ అటూ ఇటూ ఉరుకుతూనే ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. గోడ నుంచి మోడెంకి వచ్చే వైరు పట్టి ఒక్క గుంజు గుంజాను. తీసి ఫోనుకు గుచ్చాను. పోనీ ఆట, నాకేంటి!

ఆట పోలేదు. పురుగులు దిగుతూనే ఉన్నాయి, ఓడ కాలుస్తూనే ఉంది. ఆ పేజీ తెరుచుకున్నప్పుడే ఆట మొత్తం మెషీన్‌లోకి వచ్చేసిందన్నమాట, ఆ తర్వాత దానికి లైనుతో పనే లేదు. నేను నోరు వెళ్ళబెట్టి చూస్తున్నాను. సుబ్రహ్మణ్యం గారి మొహంలో మాత్రం వింత ఏమీ లేదు. అప్పుడు వెలిగింది నాకు.

"మీకు ఎరుకే" అన్నాను.

ఆయన చేతులు మీటల మీదే ఆగిపోయాయి. "మొన్నొకసారి లైను దానంతటదే తెగిందండి. ఆట ఆగలేదు. అప్పుడు తెలిసింది."

"ఎరుకుండి పొద్దటి సంది ఎంగేజ్ పెట్టిండ్రా? ఏంది సార్ గిది! నా నౌకరీ గూడ ఆ ఫోన్లనే ఉన్నది గద!"

ఆయన గుండీ పట్టుకున్నారు. "కిందటిసారి ఇంకో కంపెనీవాళ్ళు ఫోన్లో అడిగితే అన్నిటికీ యెస్ సార్ అన్నానండి. పేరేమిటంటే కూడా యెస్ సారే. వాళ్ళు నవ్వారండి. ఈ లైను ఎంగేజ్‌లో ఉన్నంతసేపూ నా ఉద్యోగం పోనట్టే కదా అనిపించింది... మీ సంగతి ఆలోచించలేదండి."

తిట్టడానికి నోరు తెరిచాను. ఫోను మోగింది.

నేనే ఎత్తాను. బొంబాయి గొంతు, ఇంగ్లీషులో, మంచి చిరాకు మీద ఉంది. ఎంతసేపటి నుంచి చేస్తున్నా దొరకడం లేదట, ముందు సుబ్రహ్మణ్యాన్ని పిలవమంది. ఒక్క క్షణం అని రిసీవరు మూసి ఆయన వైపు చూశాను. మనిషి కట్టెలా బిగుసుకుపోయి, వద్దు వద్దని తల ఊపుతున్నారు.

ఆయన లేరని నేనొక్క మాట అంటే అయిపోయేది. అనలేదు. నాకేదో జాలి కలిగిందనుకునేరు, జాలీ లేదు గీలీ లేదు. ఉన్న ఇద్దరిలో ఒకడు లేడంటే ఇదేం ఆఫీసని ఆ చిరాకు మనిషి ఫోను పెట్టేస్తాడు, ఇక నా వంతు రానే రాదు. ఆ గాబరాలో నాకు తోచింది ఒక్కటే. మీటల పలకను ఆయన చేతుల కిందికి తోసి, ఆట మళ్ళీ మొదలుపెట్టి, రిసీవరు ఆయన చెవికి ఆనించి పట్టుకున్నాను.

"ఆడుండ్రి సార్. ఆడుకుంట చెప్పుండ్రి."

మొదటి ప్రశ్నకు మళ్ళీ యెస్ సారే. ఓడ ఒకటి పేలింది. రెండో ప్రశ్నకు వేళ్ళు దారిలో పడ్డాయి. ఆ తర్వాత, అబ్బో, ఏం చెప్పారు ఆయన! పాలసీ ఫైళ్ళు, వడ్డీ లెక్కలు, తేదీలు ఎక్కడ తప్పుతాయో, తప్పితే ఎట్లా పట్టుకోవాలో. అవతలి గొంతులో చిరాకు పోయి నవ్వు వచ్చింది. నా చెయ్యి తిమ్మిరెక్కినా రిసీవరు కదపలేదు. మనస్ఫూర్తిగా సంతోషమే వేసింది, ఏం లాభం, నాకు బుద్ధి లేదు.

ఆయన థాంక్యూ అనగానే రిసీవరు నా చెవికి పెట్టుకుని, నేను సంధ్యను సార్ అని ఇంగ్లీషులో మొదలుపెట్టాను. అవతలాయన మర్యాదగానే చెప్పాడు. మాకు కావలసిన మనిషి దొరికాడమ్మా, ఇంకెవరితోనూ మాట్లాడనక్కర్లేదు, లింగమూర్తికి చెప్పండి. సార్, ఒక్క నిమిషం, అన్నాను. లైను కట్ అయింది.

సుబ్రహ్మణ్యం గారు కుర్చీలోంచి లేచారు. ఎటు చూడాలో ఆయనకు తెలియడం లేదు. "సంధ్య గారండీ, నేను వాళ్ళతో మాట్లాడి..."

"ఏం మాట్లాడుతరు సార్? మళ్ళ నేనే పట్టుకోవాల్నా ఫోను?"

ఆ మాటకు ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు రాలేదు. ఆయన మెట్లు దిగి పోయారు. తెర మీద పురుగులు దిగుతున్నాయి, ఓడ ఒక్కటి మిగిలుంది. ఖాళీగా చూస్తూ కూర్చోలేక ఆ కుర్చీలో కూర్చుని కాల్చడం మొదలుపెట్టాను.

ఫోను మోగింది. చటుక్కున ఎత్తాను.

"ఏంది బిడ్డా, పొద్దటి సంది కొడ్తున్న, ఒక్కటే ఎంగేజ్!" అమ్మ కిరాణా కొట్టంతా వినబడేట్టు అరుస్తోంది. "మస్తు పనున్నట్టుంది గద మీ ఆఫీసుల?"

రిసీవరు భుజానికీ చెవికీ మధ్య ఇరికించాను. రెండు చేతులూ మీటల మీదే ఉన్నాయి.

"అవునే అమ్మా" అన్నాను. "మస్తు పని."