మళ్ళీ ప్రయత్నించండి

నిచ్చెన మీంచి పడ్డ దగ్గర్నుంచీ పెయింటర్ కాళ్ళు రోజురోజుకీ మొద్దుబారుతున్నాయి. వెన్నెముక చూసే పెద్ద డాక్టరు వేరే ఊళ్ళో ఉంటాడు. ముందు స్కాన్ పంపండి, డాక్టరు చూసి రమ్మంటేనే రండి అన్నారు ఆసుపత్రి వాళ్ళు. అది కూడా వాళ్ళ వెబ్‌సైటులోనే అప్‌లోడ్ చెయ్యాలట. ఆ పని అతని అక్క నెత్తిన పడింది. ఆవిడ బళ్ళో సైన్సు టీచరు.

స్కాన్ ఫైలు ఎంచుకుని బటన్ నొక్కింది. నీలం గీత నత్తలా పాకి చివరిదాకా వెళ్ళింది. అక్కడ ఆగి, విఫలమైంది, మళ్ళీ ప్రయత్నించండి అని చూపించింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ అదే.

హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే ఒకతను చాలా మర్యాదగా బ్రౌజర్ మార్చమన్నాడు. మార్చింది. మర్నాడు ఇంకొకతను బ్రౌజర్లో పేరుకున్న పాత డేటా తుడిచెయ్యమన్నాడు. తుడిస్తే ఆవిడ పాస్‌వర్డులన్నీ పోయాయి గానీ ఫైలు మాత్రం వెళ్ళలేదు. ఆ తర్వాతి మనిషి తప్పంతా మీ నెట్‌దే అని తేల్చేశాడు. ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని మరిది ఆఫీసుకి పరిగెత్తింది. అక్కడా గీత అక్కడే ఆగింది.

"ఏదో తప్పు నొక్కుతున్నావు వదినా," అని నవ్వాడు మరిది.

"అయితే నువ్వే నొక్కు."

నొక్కాడు. నవ్వడం మానేశాడు.

ఇంటికొచ్చేసరికి తమ్ముడు మంచం పక్కన నేల మీద పడి ఉన్నాడు. స్నానాల గదికి వెళ్దామని లేస్తే ఎడమ కాలు ఉందో లేదో తెలియలేదట. ఎత్తి పడుకోబెట్టింది. వదిలెయ్యక్కా అంటూ గోడవైపు తిరిగాడు.

ఆ మాటకి ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. తిన్నగా వెళ్ళి కంప్యూటరు ముందు కూర్చుంది. స్కాన్ బదులు తరగతి పిల్లల ఫోటో ఒకటి పంపింది. చిటికెలో వెళ్ళిపోయింది. స్కాన్‌లోంచి ఒక్క బొమ్మ పంపింది. అదీ వెళ్ళింది. కాసిని కలిపి పంపినా వెళ్ళాయి. ఇంకాసిని కలిపితే ఆగిపోయింది. లోపం బ్రౌజర్‌ది కాదు, నెట్‌ది కాదు, తనది అసలే కాదు. అంత పెద్ద ఫైలు వాళ్ళ సైటుకి పట్టదు, అంతే.

ఎంత పెద్ద ఫైలు తీసుకుంటారని ఫోన్ చేసి అడిగితే హెల్ప్‌లైన్ మనిషి లైన్లో ఉండమన్నాడు. ఎవరినో కనుక్కొచ్చి, పరిమితి ఉన్న మాట నిజమేననీ, పేజీలో రాయడం మర్చిపోయారనీ చెప్పాడు.

"నడవలేనివాళ్ళే మీకు స్కాన్లు పంపేది. ఆ ఒక్క ముక్క రాయడానికి చేతులు రాలేదా?"

మీ అభిప్రాయం నమోదు చేస్తామన్నాడు.

"అభిప్రాయం కాదు, మా తమ్ముడి కాలు," అని ఫోన్ పెట్టేసింది.

స్కాన్‌ని ముక్కలు చేసి, సాయంత్రానికల్లా అన్నీ పంపింది. మర్నాడు డాక్టరే ఫోన్ చేసి, వెంటనే తీసుకురమ్మన్నాడు. ఆపరేషన్ అయింది. కుడికాలు బాగానే కోలుకుంది, ఎడమది ఈడుస్తున్నాడు. ముందే చూసి ఉంటే ఇలా ఉండేది కాదా అని వార్డు బయట డాక్టర్ని నిలదీసింది. ఆయన అబద్ధం చెప్పలేదు. కొంత నయంగా ఉండేదన్నాడు.

కొన్నాళ్ళకి ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. ఇప్పుడు పేజీలో పరిమితి రాశామనీ, ఇబ్బందికి చింతిస్తున్నామనీ చెప్పారు. ఆవిడ పరవాలేదని అనలేదు. ఫోన్ పెట్టేసి వరండాలోకి వెళ్ళింది. కర్ర పట్టుకుని నడక నేర్చుకుంటున్న తమ్ముణ్ణి, కాలు ఎత్తి వెయ్యమని కసిరింది. వాడూ ఊరుకోలేదు, ఎత్తుతూనే ఉన్నానని తిరిగి కసిరాడు.