తడి నేల మీద కుక్క

ఈ కథలో నా పాత్ర పై వాటాలో కూర్చుని భయపడటం. చిన్నప్పటి నుంచి అలవాటున్న పనే కాబట్టి బాగానే చేశాను. అసలు కథ నా కింది వాటాలో ఉండే ఒడీల్‌ది.

ఒడీల్ రోజూ పొద్దున్నే రెండేళ్ళ కూతురు సిబిల్‌కి పాలల్లో గులాబీరంగు బిస్కెట్టు ముంచి తినిపించి, వంటింట్లో తడిగుడ్డ పెట్టేది. ఫ్రాన్సులోని మా రాన్స్ ఊళ్ళో ఎవరు పార పట్టినా నేల కింద రోమన్లు తగులుతారు. పైపుల కోసం పెరడు తవ్వితే మాకూ తగిలారు. తవ్వకాలాయన అన్సెల్మ్ ఒక పెద్ద మట్టిపలక పైకి తీశాడు. అది పచ్చిగా ఉన్నప్పుడు ఎవరిదో కుక్క తొక్కిందట. నాలుగు అడుగులూ పలకతోపాటు బట్టీలో కాలి అలాగే ఉండిపోయాయి.

"దీని కింద ఇంకా పాత నుయ్యి ఉందండీ. రోమన్ల కంటే ముందు ఇక్కడున్న గాల్ జనాలది. రోమన్లకి పూడ్చే ఓపిక లేక మీద పలకలు పరిచేశారు. ఇంటి కింద ఎటు పోతుందో ఇంకా తెలీదు" అన్నాడు.

మర్నాడు ఒడీల్ తడిగుడ్డ పెట్టి వెనక్కి తిరిగేసరికి టైల్స్ మీద కుక్క అడుగులు. మురికి కాదు, గుంటలు. గట్టి టైలు పచ్చిమట్టిలా దిగింది. నేల ఆరాక అవీ పోయాయి.

కాపలా ముసలావిడ ఉగెట్ వచ్చి చూసింది. "నయం, కుక్క. మా అత్తగారింట్లో బాతు. మూడు తరాలు తొక్కింది."

"ఇది రోజూ నా పిల్ల ఆడుకునే మూలకే పోతోందండీ."

"మరి నా దగ్గరికొస్తుందా?"

అడుగులు ఎప్పుడూ వంటింటి నడిమికి వచ్చేవి కావు. గోడ వెంబడే చుట్టూ తిరిగి, సిబిల్ బొమ్మల దగ్గర ఆగేవి. వేట చుట్టూ తిరిగినట్టే ఉందనుకుంది ఒడీల్. రెండువేల ఏళ్ళ ఆకలి ఎలా ఉంటుందో తలుచుకుని ఆమెకి నిద్ర పట్టలేదు. తడి లేకపోతే అది రాదు కదా అని తుడవటం మానేసింది.

"కుక్కకి భయపడితే భయపడ్డావు, ఈ మురికేమిటే?" అని ఉగెట్ ముక్కు మూసుకుంది.

వారం గడిచింది. మధ్యాహ్నం ఒడీల్ పాప బట్టలు నానేసిన బకెట్టు పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చింది. కింద ఏదో మూలిగింది. పైన నేను నా కడుపే అనుకున్నాను. వంటింటి నడుమ టైల్స్ గిన్నెలా కుంగి, పగులు గోడ దాకా పాకింది. అవతలి మూల సిబిల్ లేచి నిలబడింది.

"రాకు, తల్లీ. అక్కడే ఉండు."

పిల్ల చేతులు చాచి ఒక అడుగు వేసింది, సరిగ్గా నడిమికి. ఒడీల్ కాలు పెట్టబోతే గుమ్మం దగ్గర టైలు ఊగింది.

అప్పుడు తెలిసింది ఆమెకి, ఆ కుక్క నడిమిని ఎందుకు తొక్కలేదో.

బకెట్టు పట్టుకున్న చేతులు మొండికేశాయి. పిలిస్తే వచ్చేదేమిటో ఆమె కంటితో చూసింది లేదు. కళ్ళు మూసుకుని నీళ్ళన్నీ గోడ వెంబడి గుమ్మరించింది.

అడుగులు పరుగున వచ్చాయి, లోతుగా, గోళ్ళతో సహా. సిబిల్ గాలిలో దేన్నో పట్టుకుంది, కుక్క మెడంత ఎత్తున. గోడకి ఆనుకుని మెల్లిగా నడిచి తల్లి ఒళ్ళో పడింది. వెనకే వంటిల్లు నూతిలోకి దిగిపోయింది. నీళ్ళ చప్పుడు చాలాసేపటికి గానీ వినపడలేదు.

"భౌభౌ ముక్కు చల్లగా ఉందమ్మా" అంది సిబిల్.

సాయంత్రం అన్సెల్మ్ ఆ పాత పలక కడిగాడు. కుక్క అడుగుల పక్కనే చిన్నపిల్ల పాదం, కాలిన మట్టిలో, బొటనవేలు సిబిల్‌ది లాగే కాస్త వంకరగా. ఒడీల్ కూతురి కాలు గుప్పిట్లో దాచుకుంది.

ఉగెట్ వంగి చూసి, "చలికాలం. పిల్లకి మేజోళ్ళు తొడగలేదేం?" అంది.

ఇప్పుడు వాళ్ళు నా ఎదురింట్లో ఉంటున్నారు. ఒడీల్‌కి భయం పోలేదు. అయినా రోజూ పొద్దున్నే గుమ్మం నుంచి పాప మంచం దాకా తడి చేసి, తలుపు ఓరగా తెరిచి ఉంచుతుంది.