మందారానికి కొట్టిన మందు

ప్రతి ఇంటి వెనకా కాస్త పెరడున్న వీధి అది. ఆకు మీద మచ్చ కనిపిస్తే చాలు, జనం పురుగుమందు కొట్టే మనిషికి కబురు పెట్టేవారు. అతను ముక్కుకు గుడ్డయినా కట్టుకోకుండా ఇరవయ్యేళ్లు వీపున పంపు మోశాడు. పిలిచినవాళ్లలో ఒక్కరూ కట్టుకోమని చెప్పలేదు. చివరికి ఊపిరితిత్తులు చెడి పోయాడు.

అతని భార్య ఇంట్లోనే బట్టలు కుట్టేది. మరిది కూడా ఆ ఇంట్లోనే ఉండేవాడు. భర్త పోయిన రోజున ఆమె ఏడవలేదు. నాలుగు నెలలు గడిచినా ఏడవలేదు. వండేది, మిషను తొక్కేది, అడిగినదానికి జవాబు చెప్పేది. అంతే.

ఒక ఉదయం పక్కింటి సైన్సు మాస్టారు గోడ మీంచి పిలిచారు.

"అమ్మాయ్, మీ మందారం మీద పిట్ట వాలింది చూశావా?"

"చూశాను మాస్టారూ. నల్లగా ఉంది."

"ఎండలోకి రానీ, అప్పుడు చెప్పు."

పిట్ట ఎండలోకి జరిగింది. ఆ నలుపు నీలంగా, ఊదాగా మెరిసింది. రెండు రంగుల దారాలతో నేసిన పట్టుగుడ్డ మడత తిప్పితే ఇలాగే ఉంటుందని ఆమెకు తోచింది. సంతోషమేమీ కలగలేదు. చూపు మాత్రం తిప్పుకోలేదు.

"తేనెపిట్ట. మెరిసేది మగది, పసుపు పొట్టది ఆడది. లోతులేని పళ్లెంలో నీళ్లు పెట్టు. గొట్టాల్లాంటి ఎర్రపూల మొక్కలు రెండు నాటు. ఇంకా వస్తాయి."

ఆమె చెప్పినట్టే చేసింది. పిట్టలు వచ్చాయి. కొలతల పుస్తకం చివరి పేజీల్లో వాటి గుర్తులు రాసుకునేది. 'ఆకుపచ్చ ఒళ్లు, మెడకింద సన్నటి నల్లగీత' అని రాసి మాస్టారికి చూపిస్తే ఆయన పేరు చెప్పేవారు. కొన్నాళ్లకు ఆడ తేనెపిట్ట మందారం కొమ్మకు సంచిలా వేలాడే గూడు కట్టి, రెండు పిల్లల్ని చేసింది.

అంతలో మందారానికి తెల్లగా పిండినల్లి పురుగు పట్టింది. పిట్టలుండే చెట్టు శుభ్రంగా ఉండాలనుకుంది ఆమె. భర్త మిగిల్చిన సీసా తీసి, మందు కలిపి, గూటికి తగలకుండా జాగ్రత్తగా కొట్టింది.

మూడోరోజు గూట్లో కదలిక లేదు. తల్లిపిట్ట ముక్కున సాలీడుతో వచ్చింది. గూటి ముందు రెక్కలాడించి వెళ్లిపోయింది. మళ్లీ వచ్చింది. సగం కుట్టిన జాకెట్టు చేతిని ఒళ్లో పెట్టుకుని ఆమె చూస్తూ కూర్చుంది.

మాస్టారు వచ్చి గూట్లోకి తొంగి చూశారు. "తేనె పెద్దవాటికే అమ్మాయ్. పిల్లలకు పెట్టేది పురుగుల్నీ సాలీళ్లనీ. మందు పడ్డవాటిని తల్లే తెచ్చి పెట్టుంటుంది. నీకు ముందే చెప్పాల్సింది, నాకు తట్టలేదు."

"కొట్టింది నేను మాస్టారూ," అంది. ఆ గొంతులో ఏడుపూ లేదు, కోపమూ లేదు.

ఆ సాయంత్రం వీధి చివరి పెద్దింటావిడ కుట్టడానికిచ్చిన గౌను కోసం వచ్చింది. "మీ ఆయన పోయాక మా తోటంతా పురుగేనమ్మా. మీ మరిది ఖాళీగానే ఉన్నాడుగా, రేపట్నుంచి పంపించు."

"వస్తానండీ," అన్నాడు మరిది గుమ్మంలోంచి.

"వాడు రాడు," అంది ఆమె.

"అదేంటి వదినా! పని వెతుక్కుంటూ వస్తే వద్దంటావా?"

"మీ అన్నయ్య ఆఖరి వారం గాలి కోసం ఎంత కొట్టుకున్నాడో నువ్వూ చూశావు. ఆయనకి వద్దని చెప్పినవాళ్లు లేరు. నేనూ చెప్పలేదు. నీకు చెప్తున్నాను."

మరిది గుమ్మంలోంచి లోపలికి వెళ్లిపోయాడు. పెద్దింటావిడ మొహం ముడుచుకుని గౌను అందుకుంది.

"ఇంకెవర్నయినా చూసుకుంటాంలే."

"ఎవర్నీ చూడకండమ్మా," అంది ఆమె, అదే చప్పటి గొంతుతో. "నాలుగు ఆకులు పురుగు తింటే తిననివ్వండి, ఆ పురుగుల కోసమే పిట్టలొస్తాయి. మన పెరడు అందంగా కనబడాలని ఇంకొకరి ఊపిరి తీసే హక్కు మనకి లేదు."